పంచెలో పోయిన ముక్క

నంజమ్మకు బావతో పడదు. మైసూరు సీమలోని బళేపేటలో ఆ సందులో ఎవరినడిగినా ఈ సంగతి చెప్తారు, అడక్కపోయినా చెప్తారు. బావ అంటే మొగుడి అన్న ఓబళప్ప. ఒకే వాకిలి, ఒకే నడవ, ఒకే కొళాయి. ఇటు గదిలో ఆయన, అటు గదుల్లో నంజమ్మ, ఆమె మొగుడు గోపాలప్ప. పెళ్ళాం పోయి చాలా కాలమైన ఓబళప్పకు తిండి తమ్ముడింట్లోనే. పెట్టే మనిషికీ తినే మనిషికీ మధ్య నేరుగా ఒక్క మాట ఉండేది కాదు.

ఆ ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావ ఎదుట నిలబడి మాట్లాడకూడదు. అది పెద్దలు పెట్టిన మర్యాద. నంజమ్మ ఆ మర్యాదను ఎన్నడూ తప్పలేదు. తప్పకుండానే దాన్ని కత్తిలా నూరుకుంది. బావను ఏదైనా అనాలంటే నడవలో ఉన్న రుబ్బురోలుతో అనేది.

"ఏమే రోలూ, చారులో ఉప్పు తక్కువైనాదంట. చేతులుండాయి కదా, వేసుకునేదానికేమి?"

ఓబళప్ప పక్కనున్న స్తంభానికి బదులు చెప్పేవాడు. "కంబమా, ఆ నోట్లో ఉండే కారం చారులో ఉంటే చాలని చెప్పు."

ఇద్దరి మధ్యా నలిగేది గోపాలప్ప. అతను కంచం ముందు తల వంచుకుని, అన్నం తప్ప ఈ లోకంలో మరేదీ లేనట్టు తినేవాడు.

ఈ పగకు మొదలు ఒక చీర. ఓబళప్ప చిక్కపేట పట్టుచీరల అంగళ్ళకు రఫూ చేసేవాడు. ఎలుక కొట్టిన చీర, మేకు తగిలి చిరిగిన చీర, నిప్పురవ్వ పడి బొక్కపడిన చీర ఆయన చేతికి వచ్చేవి. ఆ చీర లోపలి అంచు నుంచే పోగులు లాగి, సూదితో పడుగూ పేకా మళ్ళీ అల్లేవాడు. నేసినవాడు వచ్చి వెతికినా ఆ చోటు దొరికేది కాదు. అంగడివాళ్ళు దాన్ని కొత్త చీరల్లో కలిపి అమ్ముకునేవారు. కాబట్టి ఆ పనిలో ఒక కట్టడి ఉంది. రఫూ వేసిన చోటు ఎవరడిగినా చెప్పకూడదు. ఎవరైనా చీర విప్పి చూపిస్తే ఓబళప్ప దాన్ని ఇటూ అటూ తడిమి, "ఏమీ లేదే, బాగానే ఉండాది" అనేవాడు. అనీ అనీ ఆయనకు ఆ మాట ఊపిరి తీసినంత సులువైపోయింది.

నంజమ్మ పెళ్ళి చీర ఆయన తెచ్చిందే. కాపురానికొచ్చిన కొత్తల్లో దాని మీద కుంకుమ నీళ్ళు ఒలికితే తడిపింది. తడిసిన కొంగులో అరచేతి మేర ఒక చోటు ముదురు రంగుకు తిరిగింది. రఫూ పోగులు బిగువుగా ఉంటాయి, నీళ్ళను వేరేగా పీలుస్తాయి. ఆరితే మళ్ళీ కనబడదు. అడగమని మొగుణ్ణి పంపింది. "ఏమీ లేదే, బాగానే ఉండాది" అన్నాడు బావ. బొక్క ఉన్నందుకు ఆమెకు అంత కోపం రాలేదు. ఉన్నదాన్ని లేదన్నాడు చూడండి, అదే ఆమె మరిచిపోలేకపోయింది. అబద్ధాన్ని దారంతో కుట్టి బతికే మనిషని ఆ రోజే ఆయనకు పేరు పెట్టేసింది.

నలభై రెండులో, ఆగస్టు గలాటాలో, గోపాలప్పకు తుపాకీ గుండు తగిలింది. అతను జెండా పట్టినవాడు కాదు, కేక వేసినవాడూ కాదు. చిక్కపేటలో ఒక బట్టల అంగట్లో మూటలు మోసేవాడు. ఊరంతా అంగళ్ళు మూస్తుంటే, గోదాములో ఉన్న మూటలు అవతలికి చేర్చమన్నాడు షావుకారు. షావుకారు మాత్రం ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. గోపాలప్ప పంచె మోకాళ్ళ పైకి మడిచి కట్టుకుని, బండి లాగే చిక్కమునియప్ప తోపుడుబండిని వెనక నుంచి నెడుతూ వెళ్ళాడు. వీధి మొగలో జనం, వాళ్ళ మీద పోలీసులు. కాల్చినవాడికి ఈ గోపాలప్ప ఎవడో తెలియదు. మూట మోసేవాడి తొడ ఏం నేరం చేసిందో ఆ ప్రభుత్వాన్ని అడిగే దిక్కూ లేదు.

చిక్కమునియప్ప మూటలు రోడ్డు మీదే దొర్లించేసి, మనిషిని బండి మీద వేసుకుని ఇంటికి లాక్కొచ్చాడు. తువ్వాలుతో బిగించి కట్టిన కట్టు కింద నెత్తురు చాలావరకు నిలిచిపోయింది. తొడలో ముందు వైపు ఒక చిన్న బెజ్జం, వెనక వైపు ఇంకాస్త పెద్దది.

"ఆసుపత్రికి పదండి" అంది నంజమ్మ.

ఓబళప్ప వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "కంబమా, ఆసుపత్రి గేటు కాడ పోలీసులుండారని చెప్పు. గుండు తగిలినోళ్ళ పేర్లు రాసుకుని మంచానికే బేడీ వేస్తా ఉండారు. ఇట్ల దూరి అట్ల పోయింది గుండు. లోపల ఏమీ లేదు. రెండు కుట్లేస్తే సరిపోతాది."

"ఏమే రోలూ, మనిషి తొడ పట్టుచీరా?"

"చీరకన్నా చర్మం సులువు."

గోపాలప్పకు కూడా బేడీ అంటేనే భయం. పని పోతుందని ఇంకో భయం. "అన్న చెప్పినట్టే కానీలే" అన్నాడు. నంజమ్మ రోలును తిట్టింది, స్తంభాన్ని తిట్టింది, చివరికి దీపం పట్టుకుని నిలబడింది. ఓబళప్ప పసుపూ నూనే పూసి, పట్టుదారంతో ఆ రెండు బెజ్జాలనూ మూసేశాడు. గోపాలప్ప పళ్ళ మధ్య తువ్వాలు. అయ్యాక చూస్తే కుట్టు పడిన జాడ వెతుక్కోవాల్సి వచ్చింది. సందులోవాళ్ళు వచ్చి చూసి అబ్బురపడ్డారు. అదే ఊపులో ఓబళప్ప నెత్తుటి పంచెను ఉతికి, దాని బొక్కలనూ రఫూ చేసేశాడు. బొక్క ఉన్న బట్ట ఇంట్లో ఉంటే ఆయన చేయి ఊరుకోదు. దండెం మీద ఆ పంచె, మంచం మీద ఆ తొడ, రెండూ చూస్తే ఊళ్ళో కాల్పులే జరగలేదనిపించేది. చెప్పుకోవడానికి సిగ్గు గానీ, ఆ కాసేపు నంజమ్మకూ ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు. జ్వరం వచ్చింది. తొడ ఉబ్బి నిగనిగలాడింది, చర్మం రాగిచెంబు రంగుకు తిరిగింది. ఎంత గాయానికి అంత నొప్పి ఉండాలి కదా, ఈ నొప్పికి ఒక లెక్కాపత్రం లేదు. దుప్పటి తగిలినా అరిచేవాడు. వేలితో నొక్కితే లోపల ఏదో చిటచిటమనేది. గదిలో వాసన మొదలైంది. కుళ్ళిన పండు వాసన.

ఓబళప్ప వచ్చి కుట్టునే చూసుకున్నాడు. "ఒక్క పోగు విడలేదు, చూడు" అన్నాడు స్తంభంతో.

"రోలూ, కుట్టు బాగానే ఉండాదంట. మనిషే పోతా ఉండాడు" అంది నంజమ్మ. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. కొంగు బిగించి చిక్కమునియప్ప ఇంటికి పోయి బండి తెమ్మంది. సందులో మగాళ్ళను పిలిచింది, మనిషిని బండెక్కించడానికి. ఆ కుట్టు చూసి మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ పోలీసుల భయంతో తలుపులు వేసుకున్నారు. ఆమె ప్రతి తలుపు ముందూ ఒక్క క్షణం ఆగి, ఆ ఇంటికి తగ్గ తిట్టు తిట్టి మరీ ముందుకు కదిలింది. చిక్కమునియప్ప బండి లాగాడు, ఆమె నెట్టింది. మొగుడికి మార్చడానికి తెచ్చిన బట్టల మూటలో ఆ పంచె కూడా ఉంది. వెనకాలే ఓబళప్ప గొణుక్కుంటూ వచ్చాడు.

ఆసుపత్రిలో డాక్టరు కన్నడం మనిషి, పొట్టిగా, నిద్ర లేని కళ్ళతో ఉన్నాడు. అతను కుట్టు కోశాడో లేదో, లోపలి నుంచి బుడగలతో గోధుమరంగు నీరు ఉబికింది. గేటు కాడి నుంచి వెంట వచ్చిన కాన్‌స్టేబులు ఆ వాసనకు బయటికి పోయాడు.

"ఎవడు మూశాడు దీన్ని?" అని అరిచాడు డాక్టరు. "గుండు పోయిన దారిలో మాంసం చచ్చిపోతుంది. చచ్చిన మాంసంలో, గాలి తగలని చోటే ఈ విషం పెరుగుతుంది. దాన్ని లోపల పెట్టి తలుపేసి, తలుపుకు చక్కగా ముగ్గు కూడా వేశాడు. పగవాడు కూడా ఇట్లా చెయ్యడు!"

వరండాలో ఓబళప్ప ఆ మాటలన్నీ విన్నాడు. నంజమ్మకు ఆ పూట డాక్టరు దేవుడిలా కనిపించాడు. మొగుణ్ణి బతికిస్తాడని కాదు, ఆ ఆశ ఇంకా కలగలేదు. తన నోటికి అందని తిట్టు ఎవరో తిట్టిపెట్టినందుకు.

డాక్టరు చచ్చిన మాంసాన్నంతా కోసి తీసేశాడు. లోపల గోరంత గుడ్డముక్క దొరికింది, నల్లగా, చీముతో నాని. గుండు పంచెను కొరికి లోపలికి ఈడ్చుకుపోయిన ముక్క అది. దాన్ని తీసి పళ్ళెంలో పడేసి, గాయం కడిగి, సల్ఫా పొడి చల్లి, విషానికి విరుగుడు సూది వేసి, గాయాన్ని తెరిచే వదిలేశాడు. కుట్టలేదు. పైన తడి గుడ్డ మాత్రం కప్పాడు.

ఓబళప్ప తొంగి చూసి కెవ్వుమన్నాడు. "ఇది ఆసుపత్రా, మటన్ అంగడా? పిడికిలి పట్టే బొక్క! ఇట్ల తెరిచి పెడితే మనిషి బతుకుతాడా? నాకివ్వండి, సూది ఉండాది నా దగ్గర!" నిజంగానే జేబులోంచి సూదుల డబ్బా తీశాడు. నంజమ్మ వార్డు గుమ్మంలో రెండు చేతులూ చాపి నిలబడింది. రోలు లేదు అక్కడ, స్తంభం లేదు. ఆ డబ్బా మళ్ళీ జేబులోకి పోయేదాకా ఆ చేతులు దించలేదు.

జ్వరం మాత్రం దిగలేదు. కోసినచోట పైన ఎర్రగా బాగానే ఉంది, లోతున ఎక్కడో ఇంకా కుళ్ళుతూనే ఉంది. డాక్టరు వచ్చి నిలబడి చెప్పాడు. "ఇట్లాగే ఉంటే రేపు కాలు తీసేస్తాను. తొడ పైదాకా. లేకపోతే మనిషి దక్కడు."

మూటలు మోసే మనిషికి కాలు తీసేస్తే ఇక మిగిలేదేమిటి? గోపాలప్ప విన్నాడో లేదో, కళ్ళు మూసుకునే ఉన్నాడు.

డాక్టరు వెళ్ళబోయి ఆగాడు. "ఆ రోజు కట్టుకున్న పంచె ఉందా? లోపల ఇంకా గుడ్డ మిగిలిందేమోనని నా అనుమానం. ఎంత ముక్క పోయిందో పంచె చూస్తే తెలిసిపోతుంది. ఉత్తినే తొడంతా కెలకలేను, తట్టుకునే ఓపిక లేదు అతనికి."

నంజమ్మ మూట విప్పి పంచె ఇచ్చింది. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. ఎక్కడా బొక్క లేదు.

"ఇది కాదు. వేరేది తెచ్చావు."

"ఇదే సామీ. మా బావ రఫూ చేసినాడు."

డాక్టరు మళ్ళీ చూశాడు, కళ్ళద్దాలు తీసి చూశాడు. దొరకలేదు. విసుగు తలకెక్కి, వరండాలో కూర్చున్న ఓబళప్ప ఒళ్ళో పంచెను విసిరాడు. "ఏమయ్యా, ఎక్కడ చేశావు రఫూ?"

ఓబళప్ప చేతులు పంచెను ఇటూ అటూ తడిమాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏమీ లేదే. బాగానే ఉండాది."

నంజమ్మ పెళ్ళయిన నాటి నుంచీ ఈ మాటతోనే కాపురం చేసింది. ఈసారి వినడానికి రోలు లేదు. తిన్నగా నడిచి వచ్చి బావ ఎదురుగా నిలబడింది. ఆయన మొహంలోకి చూసింది. వరండాలో ఉన్న ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు.

"బావా," అంది. ఆ పిలుపు ఆయన చెవిన పడడం అదే మొదలు. "నా చీరప్పుడు ఇదే మాటన్నావు. అన్నాడులే, గుడ్డే కదా అనుకున్నా. ఇప్పుడు నీ తమ్ముడి కాలు. నిజం చెప్తావా, నీ రఫూ కట్టడే పెద్దదా నీకు?"

ఆమె ఆయన ఒళ్ళోంచి పంచె లాక్కుని, ఆయాలు నేల కడగడానికి పెట్టిన బకెట్టులో ముంచి, పిండి, ఆయన ఎదుటే పరిచింది. తడి తెల్లగుడ్డలో ముదురు మచ్చలు లేచాయి. ముందు వైపు రెండు, వెనక వైపు రెండు. పంచె మడిచి కట్టాడు కదా, గుండు ప్రతి వైపూ రెండు పొరల్లోంచి పోయింది.

"చోటు తెలిసిపోయింది," అంది. "ముక్క పోయిందా, ముక్క పోకుండా సుమ్నే చీలిందా అనేది నీకు తప్ప ఎవరికీ తెలీదు. నువ్వే అల్లినావు. చెప్పు!"

ఓబళప్ప వేలు వచ్చి ఒక మచ్చ మీద ఆగింది. దొంగతనం ఒప్పుకునేవాడి గొంతుతో చెప్పాడు. "వెనకవి రెండూ సుమ్నే చీలినాయి. పోగులు కలిపినా, అంతే. ముందువి..." ఆగాడు. "ముందువి రెండూ గుడ్డే పోయింది. గోరంత, గోరంత. కొత్త పోగులు పెట్టి అల్లినా."

"రెండు ముక్కలు," అన్నాడు డాక్టరు. "నేను తీసింది ఒకటి." ఆ మాట అంటూనే లోపలికి పరిగెత్తాడు.

రెండో ముక్క ఎముక పక్కన, ఒక చీము గూట్లో దొరికింది. దాని చుట్టూ కుళ్ళిన మాంసాన్నీ తీసేశారు. తర్వాత జ్వరం మెల్లగా దిగింది. కాలు నిలిచింది. గాయాన్ని మాత్రం తెరిచే ఉంచారు. అడుగు నుంచి మాంసం నిండుతూ పైకి రావాలన్నాడు డాక్టరు. రోజూ కడగడం, రోజూ కట్టు మార్చడం. గోపాలప్ప మూటల కోసం పోయి చిక్కుకున్న మనిషని షావుకారు చేత చెప్పించేదాకా కాన్‌స్టేబులు మంచం పక్క స్టూలు వదల్లేదు. నంజమ్మ ఆ షావుకారు ఇంటి ముందు కూర్చుని పెట్టిన గోలకు ఆయన చెప్పక తప్పలేదు.

ఇల్లు చేరిన గోపాలప్ప తొడలో నిమ్మకాయ పట్టే గుంట మిగిలింది. కాలు కుంటుబడింది. మూట మోసే పని పోయింది, అదే అంగట్లో కూర్చుని మూటలు కట్టే పని దొరికింది. బతికాడు, అదే చాలన్నారు అందరూ. నంజమ్మకు చాలలేదు. బావకు కంచం పెట్టడం మానలేదు గానీ, రోలుతో మాట్లాడడం మానేసింది. ఆమె తిట్టినన్నాళ్ళూ ఆ నడవలో ఏదో సందడి ఉండేది. ఇప్పుడు అదీ పోయింది. ఆ పంచెలో నాలుగు రఫూలనూ పిన్నుతో పీకి, బొక్కలు బొక్కలుగా చేసి, ప్రతి ఉతుకుకూ దాన్ని ఓబళప్ప గది గుమ్మానికి ఎదురుగా ఆరేసేది. ఎవరూ కట్టుకోని పంచెను ఉతకడమెందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఓబళప్ప ఆ బొక్కల ఎదురుగానే కూర్చుని ఊళ్ళోవాళ్ళ చీరలు బాగుచేసేవాడు. లేచి ఆ పంచె తియ్యలేదు, కుట్టనూ లేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, ఇంకా రాజు పాలనలో ఉన్న మైసూరు సీమలో జనం ప్రభుత్వం కావాలని మళ్ళీ గలాటా రేగింది. ఈసారి గుండు చిక్కమునియప్ప పిక్కకు తగిలింది. అతని భార్య మునివెంకటమ్మ, అతని బండి మీదే అతన్ని వేసుకుని నేరుగా ఓబళప్ప దగ్గరికి తెచ్చింది. "గేటు కాడ పోలీసులుండారు అన్నా. నీ చేత్తో రెండు కుట్లు వెయ్యి. కనబడకుండా వేస్తావంట కదా."

ఓబళప్ప గదిలోకి పోయి సూదుల డబ్బాతో వచ్చాడు. వంటింటి గుమ్మంలో నంజమ్మ గరిట పట్టుకుని నిలబడింది. ఆయన సూది తీస్తే ఆ గరిట ఎక్కడ పడేదో ఆమెకు ముందే తెలుసు.

ఓబళప్ప డబ్బాలోంచి తీసింది సూది కాదు, కత్తెర. నెత్తుటికి అంటుకున్న పంచెను కత్తిరించి, బొక్కను వెలుతురుకు పట్టి, అంచు చుట్టూ గోటితో తడిమాడు.

"గుడ్డ పోయింది. లోపలే ఉండాది" అన్నాడు. "కుట్టేది లేదు."

"అన్నా, పోలీసులు..."

"పోలీసులు పట్టుకుంటే ఇడుస్తారు. ఇది పట్టుకుంటే ఇడవదు. తెరిచే ఉండాల. బేగి పదండి!" అంటూ ఆ ముసలివాడే బండి కాడి పట్టుకున్నాడు. ఆ చిరిగిన పంచెను మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో అడగకముందే డాక్టరు చేతిలో పెట్టి, ఏ చోట ఎంత పోయిందో వేలు పెట్టి చూపించాడట. మునివెంకటమ్మ తర్వాత సందంతా చెప్పింది.

కొన్నాళ్ళకు చిక్కమునియప్ప ఆ ఇంటికి వచ్చాడు. గాయం శుభ్రంగా మానింది. మునుపటిలాగే తిన్నగా, బరువుగా అడుగులేస్తూ నడవలోకి నడిచి వచ్చాడు. ఓబళప్ప కాళ్ళకు దండం పెట్టాడు, నాలుగు అరటిపళ్ళు పెట్టాడు, అలాగే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గోపాలప్ప గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ అతన్ని వాకిలి దాకా సాగనంపాడు.

ఓబళప్ప తల తిప్పి నంజమ్మ వైపు చూశాడు. ఈ ఒక్కసారైనా ఏదో ఒక మాట వస్తుందని ఆ ముసలి మొహంలో ఆశ స్పష్టంగా కనబడింది.

నంజమ్మ రోలు వైపు చూడలేదు. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"బావా, చిక్కమునియప్ప నడక చూసినావు కదా. మా ఆయన కూడా అట్లే నడవాల్సిన మనిషి."

ఓబళప్ప చేతులు ఒళ్ళో ఉన్న చీరను ఇటూ అటూ తడిమాయి. నోరు ఆ పాత మాటకే తెరుచుకుంది, మూసుకుంది. తన పనిలో తప్పును జన్మలో ఒప్పుకోని మనిషి, మెల్లగా అన్నాడు.

"అవునమ్మా. నేనే పాడుచేసినా."

నంజమ్మ లోపలికి వెళ్ళి, ఆయన కంచంలో అన్నం వడ్డించింది.